బడి గంటకు చెవులు మూసుకునే బిడ్డలు

మా రోజుల్లో కలికిరి చుట్టుపక్కల పల్లెల్లో బడంటే ఒక గది, ఒక వరండా, ముందర ఒక చెట్టు. ఒకటి నుంచి అయిదు దాకా అందరికీ ఒకే అయ్యోరు. ఇప్పుడు టైల్సు పరిచారు, ఫ్యాన్లు పెట్టారు, గోడల నిండా బొమ్మలు వేశారు, పాఠం చెప్పే టీవీలు తెచ్చారు. సంతోషమే. కానీ పిలిస్తే తిరిగి చూడని పిల్లోడు, అడిగిన ప్రశ్ననే మళ్ళీ మనకు అప్పజెప్పే పిల్లోడు వచ్చి కూర్చుంటే మాత్రం, అంత బడిలోనూ వాడికి చోటు లేదంటున్నారు. నా గొడవంతా అదే.

మొన్న మాకు తెలిసిన ఒకమ్మ వచ్చి కంట తడి పెట్టుకుంది. ఆరేళ్ళ కొడుకు, ఆటిజం అని డాక్టర్లు తేల్చారు. అప్పు చేసి ఒక ప్రైవేటు బడిలో చేర్చింది. రెండో నెలలోనే "మీవాడి వల్ల మిగతా పిల్లల చదువు చెడుతోంది, టీసీ తీసుకోండి" అన్నారంట. "యాడికి తీసకపోయేది అయ్యోరా? తిరపతికి దినామూ తిప్పేదానికి నాకేముండాది?" అంది. ఏం చెప్పను?

చట్టం చెప్పాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని పేరు పెట్టి చేర్చింది. సర్కారు బడే కాదు, సర్కారు గుర్తింపు ఉన్న ప్రతి బడీ ఇలాంటి బిడ్డను చేర్చుకోవాలి, వాడికి కావలసిన సర్దుబాట్లు చేయాలి. ఇన్ని రాసిపెట్టుకుని టీసీ చేతిలో పెడతారా?

మా కాలంలో ఈ చట్టాలేవీ లేవు. లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో 1943లోనే ఆటిజం గురించి రాసినా, ఆ పేరు మా చెవిన పడలేదు. పల్లెలో మొద్దనేవాళ్ళు, గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్ళు. ఎందరో బిడ్డలు బడి గడపే తొక్కలేదు. ఆ కాలం మళ్ళీ రావాలని నేనెన్నటికీ అనను. కానీ బడికంటూ వచ్చిన బిడ్డ కోసం మా దగ్గర ఒకటుండేది. తీరిక.

మా బడి గంట చెట్టుకు వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. అది మోగితే చాలు, ఒక పిల్లోడు రెండు చెవులూ మూసుకుని వరండా మూలకు పోయి ముడుచుకునేవాడు. ఒకనాడు గంట కొట్టే కమ్మీని వాడి చేతికే ఇచ్చాను. మొదట మెల్లగా తాకించాడు. ఇనుము మీద అరచెయ్యి ఆనించి, అదురు ఆగేదాకా అట్లే నిలబడ్డాడు. మళ్ళీ కొట్టాడు, ఈసారి గట్టిగా. అప్పటినుంచి గంట వాడి పనైంది. శబ్దం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు గనక బెదురు తగ్గింది. ఉన్నట్టుండి వచ్చే శబ్దం, మారిపోయే పని ఈ బిడ్డల్లో చాలామందికి ఓర్వరానివని, ముందుగా తెలిస్తే కుదురుకుంటారని ఇప్పుడు నిపుణులూ చెబుతున్నారు.

మరి ఇప్పటి బడి ఎట్లుంది? చెవులు చిల్లులు పడే కరెంటు గంట, ప్రార్థనకు మైకు, పీరియడుకో సారు, వారానికో పరీక్ష. అయ్యోరి చూపు యాప్‌లో హాజరు మీదుంటే బిడ్డ మీద ఎట్లా నిలుస్తుంది? అది అయ్యోరి తప్పని నేననను, ఆయన్ను అట్లా పరుగెత్తిస్తున్నవాళ్ళ తప్పు. ఆ బిడ్డకు కావలసినవాటికి పైసా ఖర్చు లేదు. రోజూ ఒకే చోట కూర్చోబెట్టాలి. ఆనాటి పనుల వరుసను బొమ్మలుగా గీసి బల్లమీద అతికించాలి. చిన్న చిన్న మాటల్లో చెప్పి, జవాబుకు కాసేపు ఆగాలి. పని మారే ముందు హెచ్చరించాలి. తట్టుకోలేనప్పుడు పోయి కూర్చునే మూల ఒకటి, పక్కన నెమ్మదైన స్నేహితుడొకడు ఉండాలి.

కానర్ రాసిన మొదటి బిడ్డ డొనాల్డ్ ట్రిప్లెట్‌ది మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. కలిగినవాళ్ళ బిడ్డ, ఆ మాట నిజమే. కానీ ఊరి బడే వాణ్ణి కూర్చోబెట్టుకుంది, తోటి పిల్లలు కలుపుకున్నారు. డిగ్రీ చదివి, ఊళ్ళోనే బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. అక్కడ ఒక చిన్న ఊరు చేసిన పని కలికిరి చేయలేదా?

ప్రభుత్వమూ తన వంతు చేయాలి. ప్రాథమిక బడుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరుండాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. పోస్టులు ప్రకటించి నింపమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఏడే మన రాష్ట్రం 2,260 పోస్టులు మంజూరు చేసింది. జీవోలో ఉన్న టీచరు తరగతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.

తల్లిదండ్రులకు నా మాట: టీసీ తీసుకోమంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితంతో ఎంఈవోకు అర్జీ పెట్టండి. ఇలాంటి పిల్లల కోసం సర్కారు విడిగా పెట్టిన భవిత కేంద్రానికి బిడ్డను పంపి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోవద్దు. భవిత టీచరునే తరగతికి రమ్మనండి. బిడ్డ ఎక్కడ బెదురుతున్నాడో, ఎక్కడ కుదురుకుంటున్నాడో ఆమె, తరగతి టీచరు పక్కపక్కన కూర్చుని చూడాలి.