ఒక పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ.
నాన్న! పెట్టెను కొనిపెట్టు, నన్ను నమ్ము;
ఉన్న టీవీకి తగిలింతు నొక్క తీగ;
బావ కాడ డిస్కులు గల, వప్పు దెత్తు;
ఇంక నేమియు నడుగ నేనెన్నడైన.

అవతారిక

ఈ కవి నిరవద్యపుర వాసి. అనగా నేటి నిడదవోలు. కాకతి రుద్రమదేవిని పెండ్లాడిన చాళుక్య వీరభద్రుడి ఊరు. 2022 ఏప్రిల్ నుంచి తూర్పు గోదావరి జిల్లాలోది. కవి చదువు ఏడో తరగతి. రచనా కాలం వార్షిక పరీక్షల తర్వాత, మార్కులు ఇంటికి రాకముందు. మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు గనుక చెల్లింది. ఈ పద్యంలో ఖర్చంతా మూలంలో లేని చోటే ఉంది. కాబట్టి ఆ ఒట్టు నేను పెట్టుకోను.

ప్రతిపదార్థం

నాన్న = ఓ తండ్రీ; పెట్టెను = ప్లేస్టేషన్ ఫైవ్ అనెడి ఆటల యంత్రమును; కొనిపెట్టు = నీ సొమ్ముతో కొని, నా ముందు పెట్టుము; నన్ను నమ్ము = అర్థము స్పష్టము, ఆధారము మృగ్యము; ఉన్న టీవీకిన్ = హాలులో గోడనున్న టీవీకి; ఒక్క తీగన్ = ఒకే కేబులును; తగిలింతును = గుచ్చెదను; బావ కాడన్ = తణుకులోని మేనమామ కొడుకు వద్ద; డిస్కులు కలవు = ఆటల బిళ్లలు ఉన్నవి; అప్పు తెత్తున్ = అరువు తెచ్చుకొందును; ఇంకన్ = ఈపైన; నేను, ఎన్నడైనన్ = ఏ కాలమునందైనను; ఏమియున్ = ఏ వస్తువునైనను; అడుగన్ = అడుగను.

తాత్పర్యం

నాన్నా, పెట్టె ఒక్కటి కొనిస్తే చాలు. టీవీ మనదే, డిస్కులు బావవి. తక్కిన ఖర్చు సున్న.

విశేషాలు

"పెట్టె" అని కవి ఏకవచనం వాడాడు. కానీ అంగట్లో పెట్టెలు రెండు రకాలు: డిస్కు పెట్టడానికి నోరున్నది, నోరు లేనిది. 2021 ఫిబ్రవరి 2న ఈ యంత్రం మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు నోరున్నది 49,990, లేనిది 39,990. 2024 ఏప్రిల్లో సన్నబడిన రకం వచ్చింది. ధర మాత్రం సన్నబడలేదు: 54,990, 44,990. సెల్ ఫోనైనా టీవీ అయినా మూడేళ్లకు చవక కావాలని ఎదురుచూసే తండ్రులకు ఈ పెట్టె గొప్ప ఆశాభంగం. ఆటల యంత్రాల మీద జీఎస్టీని 2019 జనవరి 1 నుంచి 28 శాతం నుంచి 18కి దించారు. అలా దిగిన తర్వాత కూడా 54,990లో 8,388 రూపాయలు పన్నే. అంటే కవిగారు తన కోసం అడగడమే కాదు, ఖజానాకు కూడా ఒక పూట భోజనం పెట్టిస్తున్నారు.

ఇక్కడ పూర్వపక్షం. "నోరు లేనిది పదివేలు తక్కువ కదా, అదే కొందాం. ఆటలు నెట్‌లోంచి దింపుకుంటాడు" అని తండ్రి అంటాడు. ఆ మాట వినగానే మూడో పాదం మొత్తం కూలిపోతుంది. బావ డిస్కుల్ని కవి ఎక్కడ పెడతాడు? నెట్‌లో కొన్న ఆట ఖాతాకు అతుక్కుని ఉంటుంది. ఆడేశాక అమ్ముకోవడానికి లేదు, తణుకు పంపడానికి లేదు. పెద్ద ఆట కొత్త డిస్కు దాదాపు అయిదు వేలు. బావ దగ్గర రెండు డిస్కులు అరువు తెచ్చుకుంటే ఆ పదివేలు అక్కడికక్కడే చెల్లు. పైగా నిడదవోలులో నెట్ అంటే చాలా ఇళ్లలో ఇప్పటికీ నాన్న ఫోను హాట్‌స్పాటే. నూరు జీబీ ఆటను రోజుకు రెండు జీబీల రీచార్జితో దింపితే యాభై రోజులు. ఆషాఢం మధ్యలో మొదలెడితే శ్రావణం పోయి భాద్రపదం పడుతుంది, ఈలోపు ఇంట్లో వాట్సాప్ ఎవరికీ రాదు. కాబట్టి నోరున్నదే సిద్ధాంతం. నోరు తర్వాత విడిగా కొని తగిలించవచ్చనే మతం కూడా ఉంది. సన్నరకానికి అది కుదురుతుంది, అయితే మొదటిసారి జోడించేటప్పుడు నెట్ ఉండి తీరాలి.

"ఉన్న టీవీకి తగిలింతు నొక్క తీగ." ఈ పాదంలో కవి అబద్ధమాడలేదు. హెచ్‌డీఎంఐ తీగ పెట్టెలోనే వస్తుంది. గోడకున్నది ఎల్ఈడీ టీవీ అయితే, దానికి ఆ తీగ కన్నం ఉంటే, అది మామూలు హెచ్‌డీ రెడీ టీవీ అయినా సరే, పెట్టె ఒద్దికగా దిగివచ్చి 720 గీతల బొమ్మ చూపిస్తుంది. రాజమండ్రి షోరూములో కుర్రాడు "సార్, ఈ పెట్టెకు ఫోర్ కే టీవీ ఉండాల్సిందే" అన్నప్పుడు తండ్రి నవ్వి ఊరుకోవచ్చు. ఉంటే బొమ్మ బాగుంటుంది. లేకపోతే ఆట ఆగదు. అమ్మమ్మగారింట్లో పసుపు, తెలుపు, ఎరుపు కన్నాలున్న డబ్బా టీవీ సంగతి వేరు. పెట్టెకు ఆ మూడు రంగుల భాష రాదు. మధ్యన ఒక మార్పిడి డబ్బీ పెడితే బొమ్మ వస్తుంది గానీ, తెర మీది అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి.

ఇక మూడో పాదం. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది, ప్రమాదమూ ఇక్కడే.

"డిస్కులు గలవు" అన్నాడు, ఏ డిస్కులో చెప్పలేదు. బావ వయసు ముప్పై దాటింది. అతని అలమారులో పీఎస్ టూ కాలం నాటివి, త్రీ కాలానివి, నీలిరంగు డొక్కుల్లో ఫోర్ కాలానివి కలిసిమెలిసి ఉంటాయి. అన్నీ గుండ్రంగా, అన్నీ మెరుస్తూ, అన్నీ ఒకే నోట్లో పట్టేటట్టే ఉంటాయి. అందులో ఫోర్ ఆటలు, వేళ్ల మీద లెక్కపెట్టే కొన్ని తప్ప, ఫైవ్‌లో ఆడతాయి. త్రీ, టూ, మొదటి ప్లేస్టేషన్ డిస్కుల్ని అది ముట్టుకోదు. కొన్ని ఫోర్ డిస్కులకు ఫైవ్ రూపం ఉచితంగా ఇస్తారు, అయితే ఆడేటప్పుడల్లా ఆ డిస్కు నోట్లో ఉండాలి. నోరు లేని పెట్టె కొన్నవాడికి ఈ ప్రసాదం కూడా దక్కదు.

తండ్రికి ఈ సంగతి తట్టకపోవడానికి కారణం తండ్రి చిన్నతనం. తొంభైల్లో మన ఊళ్లలో "వీడియో గేమ్" అన్న పెట్టెల్లో చాలావరకు, మీద ఏ పేరున్నా, 1983లో జపానులో నింటెండో వదిలిన ఫామికామ్‌కు నకళ్లు. పసుపురంగు క్యాసెట్టు ఎవరింటిది తెచ్చి ఎవరింట్లో గుచ్చినా మారియో గెంతేవాడు. పని చెయ్యకపోతే నోటితో ఊది మళ్లీ గుచ్చడమే శాస్త్రం. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసుండేది. ఆడితే అయిదారు ఆటలే పేర్లు మార్చుకుని తిరిగేవి. దొంగ సరుకే గానీ ఒకదానికొకటి కలిసేవి! అసలు సరుకు వచ్చాకే ఈ కలవకపోవడం మొదలైంది.

ఎందుకు కలవదంటే, ఒక్కో తరం పెట్టెకు లోపలి చిప్పు వేరు. నిడదవోలు జంక్షన్ వాళ్లకు ఇది గేజి సంగతిగా చెబితే చాలు. ఒకప్పుడు మన బ్రాడ్ గేజి బండి తణుకు, అత్తిలి మీదుగా భీమవరం దాకా వెళ్లేది. అవతల గుడివాడ వైపు మీటరు గేజి. సరుకు అదే, ఊరు అదే, చక్రాల ఎడం వేరు కాబట్టి దించి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. ఈ పెట్టెలు చేసే సోనీ వాళ్లు పీఎస్ త్రీ మొదటి పెట్టెల్లో కొన్నిటిలో పీఎస్ టూ చిప్పును కూడా ఇరికించి రెండు గేజీల పట్టాలు వేశారు. ఖర్చని తర్వాత పీకేశారు. ఫోర్, ఫైవ్‌ల చిప్పులు ఒకే వంశానివి గనుక ఆ రెండింటికీ పొత్తు కుదిరింది.

ఇందులో తెలుగువాళ్ల నష్టం ఒకటి ఉంది. పీఎస్ టూ కోసం మన దేశంలో తయారైన తొలి ఆట హైదరాబాదు ఆరోనా టెక్నాలజీస్ వారిది: 2009లో వచ్చిన "హనుమాన్: బాయ్ వారియర్". సముద్రం దాటిన హనుమంతుడు టూ నుంచి ఫైవ్‌కు దాటలేడు. బావ అలమారులో ఆ డిస్కుంటే అరువు అడగొద్దు. దాన్ని పాత పెట్టెతో సహా అడిగి తెచ్చుకోండి. అది ఫైవ్ కంటే అరుదైన వస్తువు.

"పాత డిస్కులన్నీ ఆడే పెట్టె లేదా?" అని అడిగేవారికి: మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ తన తాతముత్తాతల డిస్కుల్లో కొన్నిటిని ఆడిస్తుంది. కానీ బావ వంశం సోనీ. పక్కింటి గోత్రంతో మనకు పని లేదు.

నాలుగో పాదం "ఇంక నేమియు నడుగ". ఇది అతిశయోక్తి అని కొందరు, స్వభావోక్తి అని తల్లిగారు. పెట్టెతో ఒక్క రిమోటే వస్తుంది. ఇద్దరు ఆడాలంటే రెండోది కావాలి, ఆరువేల దరిదాపు. బావ పాత రిమోటు ఉంది కదా అంటే, అది ఫైవ్‌లో ఫోర్ ఆటలకే పనిచేస్తుంది, ఫైవ్ ఆటల్లో దాని మాట చెల్లదు. ఉచిత ఆటలు తప్ప తక్కినవి నెట్‌లో నలుగురితో ఆడాలంటే చందా కట్టాలి. మొదటి రకంలో లోపలి జాగా 825 జీబీ అని రాసేవారు, చేతికి దక్కేది 667. అది నిండాక బయటి డ్రైవు గుచ్చితే ఫోర్ ఆటలు అక్కడినుంచే ఆడతాయి, ఫైవ్ ఆటలు అక్కడ పడుకుంటాయి తప్ప ఆడవు. ఆట మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు మాట వస్తుంది. ఈ చిట్టాలో పెట్టె ధర ఒక్కటే ఒకసారి ఇచ్చేది. తండ్రి బేరమాడాల్సింది కూడా పెట్టె మీద కాదు: కొవ్వూరు దాటి రాజమండ్రి వెళ్లేముందు తణుకుకు ఫోను చేసి, బావ డొక్కుల రంగులు అడిగితే సగం బేరం అయిపోయినట్టే. నీలం ఎక్కువుంటే కొనొచ్చు.

పాఠాంతరం

కవి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద నాలుగో పాదానికి మరో పాఠం కనబడుతోంది: "ఇంక వేరొక్క డిస్కు నేనెన్నడైన". గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. క్రియ లేదు. అడుగుతాడో అడగడో తేలదు. వ్యాకరణం ప్రకారం దోషమే అయినా, కవి హృదయానికి దగ్గరగా ఉందని తల్లిగారు ఈ పాఠాన్నే గ్రహించారు.