నన్ను నడిపినవాళ్లూ, నాలో కూర్చున్నవాళ్లూ

నేను టాటా సఫారీని. తెల్లరంగు, ఏడు సీట్లు, ఆటోమేటిక్ గేర్లు, డీజిల్ ఇంజన్. పుట్టింది పూణేలో. పెద్ద ట్రైలర్ లారీలో తోటి బండ్లతో కలిసి తిరుపతి చేరాను. వాళ్లంతా తలా ఒక ఇంటికి పోయారు. బానెట్ల మీద పసుపూ కుంకుమా పెట్టించుకుని, టైర్ల కింద నిమ్మకాయలు నలిపి, టెంకాయ కొట్టించుకుని మరీ పోయారు. నాకు మాత్రం రెండు పక్కలా ‘టెస్ట్ డ్రైవ్’ అని స్టిక్కరు అంటించి, తిరుపతి నుంచి చంద్రగిరి వచ్చే దోవలో ఒక షోరూం ముందు నిలబెట్టారు. ఆ రోజు నుంచి నేను డెమో బండిని. అందరూ నడుపుతారు, ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

మా వంశం పాతదే. మొదటి సఫారీ 1998లో రోడ్డెక్కింది. స్టెప్నీ వెనక డోరుకు తగిలించుకుని, ఇనుప చట్రం మీద బాడీ బిగించుకున్న మొరటు మనిషి. 2019లో ఆ తరం ఆగిపోయింది. 2021లో అదే పేరుతో మళ్లీ వచ్చినప్పుడు చట్రం పోయింది. ల్యాండ్ రోవర్ డిజైన్ ఆధారంగా, బాడీ మొత్తం ఒకే కట్టుగా తయారైంది. ఆ తర్వాత 2023 చివర్లో ముఖం మార్చుకున్న కాన్పు మాది. 1956 సీసీ, 170 హార్స్ పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ అంకెలన్నీ సేల్స్ అబ్బాయి రోజూ అప్పజెప్పేవాడు గనక నాకూ కంఠతా వచ్చాయి.

నా నంబరు ఏపీ 39తో మొదలవుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఆ వరస తెచ్చారు. అంతకుముందు చిత్తూరు జిల్లా బండంటే ఏపీ 03. 2022 ఏప్రిల్‌లో చంద్రగిరి కొత్త తిరుపతి జిల్లాలో కలిసింది కూడా. అయినా ఇక్కడి పెద్దవాళ్లు నా నంబరు ప్లేటు చూసి “ఇది యా ఊరి బండి నాయనా?” అని అడగడం మానలేదు.

నా రోజు పని ఇదీ. కొనేవాళ్లు వస్తున్నారని తెలియగానే సేల్స్ అబ్బాయి ఏసీ వేసి నన్ను ముందే చల్లబరుస్తాడు. వచ్చినాయన స్టీరింగు ముందు కూర్చుంటాడు. పక్కన ఆయన స్నేహితుడు, మధ్య వరుసలో సేల్స్ అబ్బాయి. హైవే ఎక్కగానే యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కుతాడు. ఇంజను వేడెక్కిందా లేదా అన్న విచారం ఎవరికీ ఉండదు. “పికప్ బాగుండాది” అంటాడు స్నేహితుడు. శ్రీనివాస మంగాపురం గుడి దాకా పోయి వెనక్కి తిప్పుతారు. వచ్చేటప్పుడు సన్‌రూఫ్ తెరిపించి, స్క్రీన్ మీద పాట పెట్టించి, షోరూం ముందు దిగి నా పక్కన నిలబడి ఫోటో దిగుతారు. పరీక్ష అయిపోయినట్టే.

ఆ కాసేపట్లో నేను ఇద్దరు ముగ్గురిని మోశాను, అదీ చదునైన రోడ్డు మీద. అంత తక్కువ బరువుకు 350 న్యూటన్ మీటర్లంటే ఎగిరినట్టే ఉంటుంది. ఏడుగురూ ఎక్కి, సామాను కూడా పడితే నా మీద ఐదు క్వింటాళ్లు దాటుతుంది. అప్పుడు నేనెట్లా పోతానో ఆయనకు తెలియదు. తెలియవలసినవాళ్లు షోరూం సోఫాలో కాఫీ తాగుతూ ఉండిపోతారు. ఇంటి బండి కొంటున్నామంటారు గానీ, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని చూసినవాళ్లు నా అనుభవంలో బహు తక్కువ.

అట్లాంటివాళ్లలో ఒక ఇంటి సంగతి చెప్పాలి. చంద్రగిరి కోట కింద ఊళ్లో ఇల్లు, ఊరి బయట తోతాపురి మామిడి తోపు. పెద్దాయన, అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిలకాయలు, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే చిన్నకొడుకు. మొత్తం ఏడుగురు. పెద్దకొడుకు అందరిలాగే మంగాపురం దాకా పోయివచ్చి అడ్వాన్సు కట్టేదానికి సిద్ధమయ్యాడు. సోఫాలోంచి అవ్వ లేచింది. “ఈడ అంతా సమంగా ఉండాది గదా. మన ఇంటి కాడికి తోలకరా నాయనా, ఆడ చూద్దాం” అంది. సేల్స్ అబ్బాయి మేనేజరు వైపు చూశాడు, మేనేజరు తల ఊపాడు.

అట్లా నేను కోట పక్కనుంచి ఊళ్లోకి పోయాను. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో చోటిచ్చిన విజయనగర పాలకులకు ఒకప్పుడు రాజధాని ఈ ఊరే. రాజమహల్ ఇంకా నిలబడే ఉంది. ముందూ వెనకా కొలుచుకోకుండా ఒప్పుకుంటే ఏమవుతుందో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలిసి ఉండదు. అవ్వ కూడా కొలతలతోనే మొదలుపెట్టింది.

మొదటి కొలత ఇంటి గేటు. అద్దాలు కలపకుండానే నా వెడల్పు 1.9 మీటర్లు దాటుతుంది, పొడవు 4.6 మీటర్ల పైమాట. అద్దాలు మడిస్తే గానీ గేటు స్తంభాల మధ్య పట్టలేదు. “రోజూ పిలకాయల్ని తిరుపతి బడికి దింపేది కోడలు. ఆ పిల్లని తోలమను” అంది అవ్వ. అప్పటిదాకా ఆమెను స్టీరింగు దగ్గరికి ఎవరూ పిలవలేదు. ఆమె సీటు పైకెత్తుకుంది, అద్దాలు సరిచేసుకుంది, నన్ను వెనక్కి తీసి వీధిలో మలుపు తిప్పింది. నాలుగు వైపులా చూపించే కెమెరా ఉందని సేల్స్ అబ్బాయి సంబరంగా చెప్పాడు. “వానాకాలంలో కెమెరా మీద బురద పడితే?” అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. నాకు మాత్రం ఆ చేతులు నచ్చాయి. అంతవరకు నన్ను అంత పదిలంగా నడిపినవాళ్లు లేరు.

రెండో కొలత అవ్వ మోకాళ్లది. నేల నుంచి నా లోపలికి ఎత్తు ఎక్కువ. పట్టుకునేదానికి పిడి ఉంది, కాలు పెట్టేదానికి మెట్టు లేదు. “పక్కన మెట్టు వేయిస్తాంలే అవ్వా” అన్నాడు సేల్స్ అబ్బాయి. మెట్టు వేయిస్తే తోపు దోవలో రాళ్లకు తగలదా అని పెద్దాయన అడిగాడు. తగిలే మాట నిజమే. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. బండ్ల వ్యవహారమంతా ఇంతే.

మూడో కొలత బాకరాపేట ఘాట్. చంద్రగిరి నుంచి పీలేరు వైపు పోయే రోడ్డులో ఉంది. ఇంటిల్లిపాదీ ఎక్కితే సేల్స్ అబ్బాయికి చోటు లేదు. “నేను తోపు కాడ ఉంటా, నా సీట్లో ఆ పిల్లోడిని కూర్చోబెట్టండి” అని పెద్దాయన దిగిపోయాడు. ముందు పెద్దకొడుకూ కోడలూ, మధ్యలో అవ్వా పిలకాయలూ, వెనక చిన్నకొడుకూ సేల్స్ అబ్బాయీ. ఎంతోమందికి నా మూడో వరుసను పొగిడి చెప్పిన ఆ అబ్బాయి అందులో కూర్చోవడం అదే మొదటిసారి. మోకాళ్లు రొమ్ముదాకా వచ్చాయి. పక్కన ఆరడుగుల చిన్నకొడుకు తల పైకప్పుకు తగలకుండా మెడ వంచి కూర్చున్నాడు. సేల్స్ అబ్బాయి ఆ తర్వాత చాలాసేపు నోరు విప్పలేదు.

మిట్ట ఎక్కేటప్పుడు నా గుట్టంతా బయటపడింది. నన్ను లాగేవి ముందు చక్రాలు. బరువంతా వెనక పడి, రోడ్డు పైకి లేచినప్పుడు ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. వాన తడి ఉంటే జారకుండా ఎలక్ట్రానిక్ కంట్రోలు పట్టుకుంటుంది గానీ, వెనక చక్రాలు తోసే బండికి ఉండే నిబ్బరం వేరు. గేర్‌బాక్సు ఒక గేరు కిందికి దిగింది, ఇంజను గొంతు పెంచింది, అయినా ఎక్కాను. మలుపుల్లో మధ్య వరుస స్థిమితంగానే ఉంది, వెనక వరుస మాత్రం అటూ ఇటూ ఊగింది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయల్దేరినవాళ్ల బస్సు లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. అక్కడికి రాగానే పెద్దకొడుకు వేగం తనంతట తనే తగ్గించాడు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకూడదని, స్టీరింగు వెనక ఉన్న మీటతో గేరు తగ్గించుకుని ఇంజనుతోనే బండి వేగాన్ని ఆపుకోవాలని సేల్స్ అబ్బాయి వెనక నుంచి చెప్పాడు. అదొక్కటీ అతను అమ్మకానికి కాకుండా నిజంగా చెప్పిన మాట.

కొండకు పోవడమంటే ఈ ఇంటికి తిరుమలే. ఎక్కేదానికి రెండో ఘాట్, దిగేదానికి మొదటి ఘాట్. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన. అంతకన్నా ముందే చేరితే జరిమానా. అక్కడ నా 170 గుర్రాలను కట్టేసుకోవలసిందే. అవ్వ ఆ లెక్క వేసి, “బిన్నా పోయేదానికి గాదు, అందురూ నెమ్మదిగా కూర్చునేదానికి గదా బండి” అంది.

ఇంకో పరీక్ష ఎండ. నన్ను తోపు దగ్గర నీడ లేని చోట నిలబెట్టి, కాసేపటికి ఎక్కారు. పైనంతా అద్దమే గనక లోపల మొహం పెట్టలేనంత వేడి. తెర మూసి ఏసీ వేస్తే ముందు సీట్లు త్వరగా చల్లబడ్డాయి. మూడో వరుసకూ గాలి మార్గాలున్నాయి గానీ చల్లదనం అక్కడికి ఆలస్యంగా చేరింది. సన్‌రూఫ్ కోసం గోల చేసిన పిలకాయలే మొదట తెర మూయమన్నారు. సామాను సంగతీ తేలింది. మూడో వరుస నిలబెడితే వెనక నాలుగు సంచులకే చోటు, మామిడికాయల పెట్టెలు పెట్టాలంటే ఆ వరుస మడవాలి. మనుషులా, కాయలా అన్నది ప్రతిసారీ తేల్చుకోవాలి.

నా తరఫున చెప్పుకోవలసినదీ ఉంది. బండ్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరులో మొదలైతే, ఆ డిసెంబరులో మొదటగా ఫలితాలు వచ్చిన బండ్లు హారియర్, సఫారీ. పెద్దల భద్రతలో 32కు 30.08, పిల్లల భద్రతలో 49కి 44.54, రెండింటా ఐదు నక్షత్రాలు. పెద్దకొడుకు మనసంతా దీనిమీదే ఉండింది. ఆ నక్షత్రాలు బెల్టు పెట్టుకున్నవాళ్లకే పనికొస్తాయని, వెనక వరుసవాళ్లూ పెట్టుకోవాలని కోడలు గుర్తుచేసింది.

ఆ ఇంటివాళ్లు ఇదే పద్ధతిలో మిగతా బండ్లనూ చూశారు. మహీంద్రా ఎక్స్‌యూవీ700 నాకన్నా బలంగా లాగింది, దాని మూడో వరుస కూడా పిలకాయలకే సరి. స్కార్పియో-ఎన్ చట్రం మీద నిలిచి, వెనక చక్రాలతో మిట్టను లెక్కచేయలేదు, కానీ వెనక చోటు ఇరుకే. ఫార్చ్యూనర్ ధర విని పెద్దాయన లేచి చెప్పులేసుకున్నాడు. ఇన్నోవా క్రిస్టాకు నాకన్నా బలం తక్కువ, 150 గుర్రాలే. డీజిల్‌లో ఆటోమేటిక్ లేదు, గేర్లు చేత్తో వేసుకోవలసిందే. అయితే మూడో వరుసలో చిన్నకొడుకు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, అవ్వ ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది.

ఈలోగా పన్నుల గొడవ వచ్చింది. నాలుగు మీటర్లకన్నా పొడవు, 1500 సీసీ దాటిన ఇంజను, నేలకు కనీసం 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న నాలాంటి బండికి జీఎస్టీ 28 శాతం, సెస్సు 22 శాతం, కలిపి 50 శాతం ఉండేది. 2025 ఆగస్టు 15న పన్ను తగ్గుతుందని ప్రధాని ప్రకటించగానే కొనేవాళ్లంతా ఆగిపోయారు. నాకు ఊపిరి తీసుకునే తీరిక దొరికింది. సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి మొత్తం 40 శాతమైంది. షోరూం మళ్లీ కిటకిటలాడింది. ఆ సందడిలోనే వాళ్లు వచ్చి, ఇన్నోవా కొంటున్నామని మర్యాదగా చెప్పి పోయారు. నాకేమీ బాధ కలగలేదు. ఆ ఇంటికి నేను సరిపోనని వాళ్లకు ముందే తెలిసింది. కొన్నాక తెలిసి ఉంటే రోజూ నన్నే తిట్టుకునేవాళ్లు.

సేల్స్ అబ్బాయిలో మాత్రం మార్పు వచ్చింది. బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుందని ముందే అడగడం మొదలుపెట్టాడు. రోజూ ఊళ్లోనే నాలుగడుగులు తిప్పేవాళ్లకు డీజిల్ వద్దనేవాడు. బీఎస్ 6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఏకబిగిన పోవాలి, లేకుంటే మూసుకుపోతుంది. ఈ మాట చెప్పి ఒకటి రెండు బేరాలు పోగొట్టుకున్నాడు, మేనేజరు చేత చివాట్లూ తిన్నాడు.

డెమో బండికి షోరూంలో ఆయువు తక్కువ. కొత్త బండ్లు రాగానే నా స్టిక్కర్లు పీకేసి, ధర తగ్గించి అమ్మకానికి పెట్టారు. పదిమంది చేతుల్లో నలిగిందని చాలామంది మొహం తిప్పుకున్నారు. చివరికి చంద్రగిరిలోనే ఉండే టీచరు దంపతులు వచ్చారు. కూతురూ అల్లుడూ బెంగుళూరులో ఉన్నారు, తరచూ చిత్తూరు మీదుగా పోయొస్తారు. వాళ్లు మెకానిక్కును వెంటపెట్టుకొచ్చి నన్ను పైకెత్తించి అడుగు చూశారు, టైర్ల అరుగుదల చూశారు, సర్వీసు చిట్టా తిరగేశారు. వారంటీ మొదటి రిజిస్ట్రేషను రోజు నుంచే లెక్క అని, ఆర్‌సీలో తాము రెండో యజమానులమవుతామని అడిగి తెలుసుకున్నారు. ఆ లెక్కలు చూపించి ధర ఇంకాస్త తగ్గించుకున్నారు.

టీచరమ్మ ఒక్కసారి మూడో వరుసలో కూర్చుని చూసింది, నవ్వుకుంటూ దిగి ఆ సీట్లు మడిచేసింది. అవి ఇప్పటికీ మడిచే ఉన్నాయి. ఏడు సీట్లున్నాయని ఏడుగురిని కుక్కని ఇల్లు నాకు దొరికింది. పండగకు చుట్టాలంతా వచ్చి కొండకు పోదామంటే టీచరుగారు ఇన్నోవాను బాడుగకు పిలుస్తారు. ఆ రోజు నాకు సెలవు.