ఉప్పల్, నాచారం: ఒక 50 ఎం.ఎం. లెన్సు ఆత్మకథ

ఇది కెనాన్ ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 రెండో రకం లెన్సు ఆత్మకథ. పాఠ్యపుస్తకం పద్ధతిలో సాగుతుంది కాబట్టి ‘నేను’ అనకుండా తనను ‘ఈ లెన్సు’ అనే చెప్పుకుంటుంది. ఈ మోడల్ 1990 నాటిది. 1987లో వచ్చిన మొదటి రకానికి లోహపు మౌంటు, దూరం చూపించే చిన్న కిటికీ ఉండేవి. ధర తగ్గించడానికి రెండో రకంలో కిటికీ తీసేశారు, మౌంటు ప్లాస్టిక్ చేశారు. బరువు 130 గ్రాములకు దిగింది. లోపలి ఆరు అద్దాల అమరిక జోలికి మాత్రం పోలేదు. అందుకే చవక లెన్సుల్లో దీనికి పేరొచ్చింది.

బతుకులో చాలా భాగం నాచారంలో, ఫంక్షన్లు తీసే ఒక ఫొటోగ్రాఫర్ బ్యాగులో గడిచింది. నాచారానికి కెమెరా కొత్త కాదు. ఎన్.టి. రామారావు 1970లలో పెట్టిన రామకృష్ణా స్టూడియోస్ ఇక్కడిదే. ఈ లెన్సు యజమానికి అలాంటి ఫ్లోర్లూ లేవు, లైట్‌బాయ్‌లూ లేరు. ఉన్నవల్లా అపార్ట్‌మెంట్లలో బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, హాల్లో ఒక ట్యూబ్‌లైటు. కెమెరాతో వచ్చిన 18–55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఐఎస్ఓ పెంచితే గ్రెయిన్, పెంచకపోతే చెయ్యి వణికిన బొమ్మ.

ఇలాంటప్పుడు అందరి చూపూ కొత్త కెమెరా బాడీ మీదికి పోతుంది. బాడీ మారిస్తే ఐఎస్ఓలో ఒకటి రెండు స్టాపులు కలిసొస్తాయేమో. అదే లెన్సు మార్చి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వస్తే సెన్సర్ మీద పడే వెలుగు దాదాపు పదింతలు. పైగా బాడీ ధరతో పోలిస్తే ఈ లెన్సు ఖర్చు లెక్కలోది కాదు. ఆ లెక్కతోనే యజమాని దీన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడు.

కొనేముందు చూసిన తీరు చెప్పుకోదగ్గది. రెండు మూతలూ తీసి, వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూశాడు. ఫంగస్ ఉంటే సాలెగూడు పోగుల్లాంటి తెల్లటి గీతలు అద్దం అంచునుంచి లోపలికి పాకుతూ కనిపిస్తాయి. దుమ్ము రేణువులు నాలుగున్నా బొమ్మకు నష్టం లేదు, ఫంగస్ ఉంటే బేరమే వద్దు. తర్వాత ముందు భాగాన్ని పట్టుకుని మెల్లగా కదిపాడు. ఈ రకం కిందపడితే రెండు ముక్కలుగా ఊడిరావడం అందరికీ తెలిసిన జబ్బు.

బోనాల సాయంత్రం ఈ లెన్సు విలువ తెలిసింది. తలమీది బోనంలో దీపం, దాని కింద ముఖం, ఫ్లాష్ లేకుండానే వచ్చాయి. ఎఫ్/2.8కి మూస్తే వెనక వీధిలైట్లు ఐదు మూలల చుక్కలవుతాయి. డయాఫ్రమ్‌లో రెక్కలు ఐదే మరి. ఆషాఢం తేమకు మాత్రం గాలి చొరబడని డబ్బా, సిలికాజెల్ పొట్లాలు తప్పవు.

ఇక లోపాలు. ఆత్మకథ కదా అని దాచడం కుదరదు. 1.6 క్రాప్ ఉన్న కెమెరా మీద ఈ లెన్సు 80 ఎం.ఎం.లా చూస్తుంది. పది అడుగుల దూరంలో అడ్డంగా నాలుగున్నర అడుగులే పడతాయి. నాచారం ఫ్లాటులో గోడకు వీపు ఆనించి నిలబడ్డా తల్లీ, బిడ్డా వస్తారు, మేనత్త రాదు. 18 ఎం.ఎం. దగ్గర అదే గదిలో పన్నెండు అడుగులు పడతాయి. ఎఫ్/1.8లో మీటరు దూరాన స్పష్టత మూడు సెంటీమీటర్లలోపే. కన్ను పదునుగా ఉంటే చెవి కరిగిపోతుంది. గ్రూప్ ఫొటోకు ఎఫ్/5.6కి మూయాల్సిందే, అప్పుడు పదింతల వెలుగు మాట మర్చిపోవాలి. ఫోకస్ మోటారు కీచుమంటుంది, వీడియోలో ఆ చప్పుడు వినబడుతుంది.

ఉప్పల్ క్రికెట్ స్టేడియం పక్కనే ఉంది కదా అని పెద్ద జూమ్ కొనాలన్న కోరిక ఇక్కడ చాలామందికి పుడుతుంది. మ్యాచ్ టికెట్‌తో వెళ్లేవాళ్లను కెమెరాతో లోపలికి రానివ్వరన్నది ముందే గుర్తుంటే ఆ డబ్బు మిగులుతుంది.

2015లో వచ్చిన ఎస్‌టీఎం రకానికి లోహపు మౌంటు, ఏడు రెక్కలు, చప్పుడు తక్కువ చేసే మోటారు ఉన్నాయి. కొత్తది కొనగలిగితే అదే నయం. 2018 నుంచి వచ్చిన కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్ బాడీలకు అడాప్టర్ పెడితే ఈ పాతదీ పనిచేస్తుంది కాబట్టి బాడీ మారినా లెన్సు ఖర్చు మునగదు.

యజమాని దీని తర్వాత కొన్నది తల తిప్పగలిగే ఒక ఫ్లాష్. దాన్ని తెల్లటి స్లాబు వైపు తిప్పి కొడితే వెలుగు గదంతా మెత్తగా పరుచుకుంది. కిట్ లెన్సుతో, ఎఫ్/5.6లోనే, మేనత్తతో సహా అందరూ వచ్చారు. ఈ లెన్సు తీర్పు తనకే వ్యతిరేకం: ఇళ్లలో ఫంక్షన్లు తీసేవాళ్లు మొదట ఫ్లాష్ కొనాలి, రెండోది 50 ఎం.ఎం., బాడీ మూడోది.