మూడు బ్యాగుల బాకీ

నోయిడాకి బదిలీ మీద వచ్చిన కొత్తలో నాకు హిందీలో గట్టిగా వచ్చినవి రెండే మాటలు: ‘హాఁ జీ’, ‘ఠీక్ హై’. ఈ రెండింటితో కిలో వంకాయలు బేరమాడలేం గానీ, క్రెడిట్ కార్డు మాత్రం నిక్షేపంగా వస్తుంది.

సెక్టర్ 18 మాల్‌లో ఎస్కలేటర్ దిగగానే ఓ కుర్రాడు ఎదురొచ్చాడు. “సర్, లైఫ్‌టైమ్ ఫ్రీ!” “హాఁ జీ.” “ట్రాలీ బ్యాగ్ భీ ఫ్రీ!” “ఠీక్ హై.” సంతకం అయిపోయింది. తర్వాత పెట్రోలు బంకులో ఒకటి, మెట్రో స్టేషన్ దగ్గర ఇంకొకటి. ఆర్నెల్లు తిరక్కుండా మూడు కార్డులు, మూడు బ్యాగులు. ఆ బ్యాగులు పట్టుకుని ఊరెళ్ళడానికి టికెట్లు కూడా కార్డు మీదే కొన్నాను. “అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదేనా?” అంది మా ఆవిడ. “పప్పు కాదు, పాయింట్లు” అని సరిదిద్దాను.

చిన్నప్పుడు మా ఊళ్ళో శెట్టిగారి కొట్లో మాకు ఖాతా ఉండేది. ఒకటో తారీఖు దాటి రెండ్రోజులైతే, నాన్న అటుగా వెళ్తున్నప్పుడు శెట్టిగారు చిన్నగా దగ్గేవారు. అదే స్టేట్‌మెంటు, అదే వార్నింగు. కార్డు దగ్గదు. 40,000 బిల్లు పంపి, కింద ముద్దుగా ‘మినిమమ్ డ్యూ 2,000’ అంటుంది. ఎంత మర్యాదస్తులో అనుకుని రెండు వేలు కట్టేశాను.

మిగిలిన 38,000 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,330. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 239. అంటే మర్నెల మళ్ళీ రెండు వేలు కడితే, అసలుకు చేరేది 431 రూపాయలు! కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కిస్తారు కాబట్టి నిజానికి అంత కూడా చేరదు. పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు. పొద్దున కొన్న టమాటాలు కూరలో పడకముందే వడ్డీలో పడతాయి.

ఇంటి లోను అడిగితే అసలు కథ బయటపడింది. ఢిల్లీ ఆంధ్రా భవన్ భోజనాల క్యూలో పరిచయమైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, అన్నంలో నెయ్యి కలుపుకుంటూ నా క్రెడిట్ రిపోర్టు చూశారు. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుందిట. నాది 672.

“లిమిట్‌లో ముప్ఫై శాతం లోపు వాడుకుంటే మంచిదండీ. మీరు తొంభై వాడారు. పైగా ఆర్నెల్లలో మూడు దరఖాస్తులు. బ్యాంకు కంటికి మీరు డబ్బుకి అల్లాడిపోతున్న మనిషి.”

“అవి బ్యాగుల కోసమండీ.”

“బ్యాగుల సంగతి రిపోర్టులో రాయరండీ” అని ఆయన సాంబారు అడిగారు.

అప్పుడు అర్థమైంది, సిబిల్ అంటే మా శెట్టిగారే. కాకపోతే ముంబైలో కూర్చుంటారు, దగ్గరు, దేశమంతా ఉన్న బ్యాంకులకు మన పద్దు చూపిస్తారు.

పీఎఫ్ కొంత తీసి బాకీలు తీర్చేశాను. పాత ఖాతా స్కోరుకి మేలు కాబట్టి మొదటి కార్డు ఉంచి, మిగతా రెండూ మూసేయమన్నాను. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూయకపోతే, బ్యాంకే మనకి రోజుకి 500 ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఎనిమిదో రోజు కోసం ఆశగా ఎదురుచూశాను. పాడు బ్యాంకులు, రెండూ ఆరో రోజుకే మూసేశాయి.

కాబట్టి అయ్యా, అమ్మా, ‘మినిమమ్’ అన్న మాట కంటపడితే చూపు పక్కనున్న ‘టోటల్’ మీదకి తిప్పండి. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగానే ఇస్తారు, తీసి చూసుకోండి. మన స్కోరు మనం చూసుకుంటే తగ్గదు. ఇక ట్రాలీ బ్యాగు కావాలంటే కార్డు తీసుకోకండి, మా ఇంటికి రండి. మంచం కింద మూడున్నాయి. ఒకదానికి మాత్రం జిప్పు పడదు.