ఖర్చు లేకుండా బాల్కనీ తోట: ఆర్.కె. పురం పద్ధతి

మీది ఢిల్లీ ఆర్.కె. పురంలో సర్కారీ క్వార్టరా? మూడో అంతస్తా? బాల్కనీలో నాలుగడుగుల చోటుందా? ఇంకేం, తోట వచ్చేసినట్టే.

1. మే నెలలో మొదలుపెట్టండి. అక్టోబరులో మెంతులు, ధనియాలు చల్లితే మొలిచి కూర్చుంటాయి. మొలిస్తే రోజూ నీళ్లు పోయాలి, ఆ చాకిరీ ఎవరు చేస్తారు? మేలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, లూ అనే వడగాలి వీస్తుంది. కొత్తిమీర మొలవదు, టమాటా పూత రాలుతుంది. తప్పంతా ఢిల్లీ ఎండది, మీదేం లేదు.

2. కుండీలు కొనకండి. 20 లీటర్ల పెయింటు డబ్బా చాలు. అడుగున చిల్లులు పెట్టకండి. పెడితే నీళ్లు కారి కింద ఆంటీగారి బట్టల మీద పడతాయి, ఆవిడ మెట్లెక్కి వస్తారు. చిల్లు లేని డబ్బాలో ఒక్కసారి నిండా పోస్తే పది రోజులు అటు చూడక్కర్లేదు. వేళ్లు కుళ్లి కంపు కొడుతోందని ఎవరైనా అంటే, "ఎరువండీ, బాగా పట్టింది" అనండి.

3. మట్టి పార్కులో దొరుకుతుంది. మాలీ రాకముందే, తెల్లవారుజామున సంచీతో వెళ్లండి. పేడ ఎరువు, కొబ్బరి పొట్టు కలపమంటారు, వినకండి. కాలితో తొక్కి గట్టిగా కూరండి.

4. పోపుల డబ్బాలో ధనియాలున్నాయి కదా, అవే విత్తనాలు. మూడేళ్ల కిందట అమ్మ గుంటూరు నుంచి పంపిన గోంగూర గింజలు, బెండ, సొర, బచ్చలి అన్నీ ఒకే డబ్బాలో చల్లండి. వాటిలో అవే తేల్చుకుంటాయి.

5. జులై వానలకు డబ్బాల్లో నీళ్లు నిలుస్తాయి. ఒంపకండి, నడుం పట్టేస్తుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికోసారి డబ్బాను పక్కింటి గుమ్మం వైపు జరపండి. మున్సిపాలిటీ వాళ్లు కూలర్లు, కుండీలు చూడటానికి వచ్చినప్పుడు చలాన్ ఆ గుమ్మం దగ్గరే రాసుకుంటారు. డెంగ్యూ ఎవరికొచ్చినా అది సీజన్ జ్వరం.

6. అత్తగారు వీడియో కాల్ చేస్తానన్న రోజున ఐఎన్ఏ మార్కెట్లో గోంగూర కట్ట కొనండి. డబ్బాలో గుచ్చి, "ఇది రెండో కోత అత్తయ్యా" అనండి. కాల్ అయ్యాక పీకి పప్పులో వేయండి. ఫోను మాత్రం దూరంగా పట్టుకోండి, కట్టకు రబ్బరు బ్యాండు ఉంటుంది.

7. బదిలీ అయితే డబ్బాలు బాల్కనీలోనే వదిలేయండి. తర్వాత వచ్చేవాళ్లకు తోట సిద్ధం.