మాకో కంటోన్మెంట్ ఇప్పించండి

మెట్రో పట్టాలు గీసే పెద్దలకు,

పెద్ద అంబర్‌పేట్ నుంచి నమస్కారాలు. కాచిగూడ పక్కనున్న అంబర్‌పేట కాదండీ, విజయవాడ రోడ్డు మీద ఔటర్ దిగేచోట ఉన్నది. మా పార్సిళ్లు కూడా ముందు ఆ కాచిగూడ పక్క అంబర్‌పేటకే పోయి వస్తుంటాయి.

విన్నపం ఒక్కటే. మాకో నాలుగెకరాల మిలిటరీ భూమి ఇప్పించండి. సికింద్రాబాద్ వాళ్లను చూశాకే ఈ ఆశ పుట్టింది. వాళ్ల దారికి అడ్డున్న కంటోన్మెంట్ భూముల కోసం సర్కారు పెద్దలు ఏళ్ల తరబడి ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2024 మార్చిలో రక్షణ శాఖ సరేనంది. ఆ నెలలోనే ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం రోడ్డు దాకా ఒకటి, రాజీవ్ రహదారి మీద మరొకటి, రెండు ఎలివేటెడ్ రోడ్డు కారిడార్లకు శంకుస్థాపన. మా దగ్గర అడ్డమేముంది? పొలాలుండేవి, వాటిని మేమే గజాల లెక్కన కోసి అమ్ముకున్నాం. మా కోసం ఎవరూ ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. అందుకే కాబోలు, ఎవరూ వెళ్లలేదు.

సైన్యంతో చుట్టరికం మా వైపూ ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో పోతే, సమాధి దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద కట్టారు. మూసారాంబాగ్ పేరు ఆయన నుంచే వచ్చిందంటారు. కావాలంటే ఆయన సమ్మతి మేం తెస్తాం.

మెట్రో తప్ప అన్నీ మా దాకా వస్తున్నాయి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో మా వైపు బాటసింగారానికి మారింది. ఖాళీ అయిన జాగాలో 2022లో పెద్దాసుపత్రికి పునాది వేశారు. మాకు దక్కింది బత్తాయి లారీల హారన్లు. 2025 డిసెంబరులో మా మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. ఇక మేమూ నగరవాసులమే, కనీసం కాగితం మీద.

మెట్రో మాత్రం 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్‌కు చేరి అక్కడే కూర్చుంది. రెండో దశ ప్రతిపాదనలో ఇంకో 7.1 కిలోమీటర్లు కదిలి హయత్‌నగర్‌లో ఆగుతుందట. ఆ పక్క ఊరు మాదే! బంతికి పిలిచి, మా ముందు వరసతో వడ్డన ఆపేసినట్టుంది.

కంటోన్మెంట్ కుదరకపోతే పోనీండి. హయత్‌నగర్ స్టేషన్‌కు మా వైపు దిగే మెట్లు పెట్టి, కింద షేర్ ఆటోలకు కాస్త జాగా వదలండి. జవాబు రాసేటప్పుడు చిరునామాలో ‘పెద్ద’ మరవకండి. మరిస్తే ఉత్తరం కాచిగూడ వైపు పోతుంది.

ఇట్లు,
ఎల్బీ నగర్‌లో దిగి ఆటో కోసం నిలబడ్డవాడు