రెండు చెంబుల నీళ్ళు: సటీకాతాత్పర్యము

మూలము:

“అక్కా, మేం బెంగుళూరికి పోతాండాం. మిద్దె మింద టమాటా చెట్లకు పొద్దు మునిగినంక రెండు చెంబులు నీళ్ళు పొయ్యి. కాసినవి నువ్వే కోసుకో. ఇత్తనానికి ఒగటి ఇడ్సు.”

అవతారిక. శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురమను పట్టణమునందు, ఒక సందులోని ఇంటి గొళ్ళెమునకు చుట్టబడి, నోటుపుస్తకమునుండి చించిన కాగితముపై నీలిసిరాతో వ్రాయబడిన పై నాలుగు వాక్యములే ఈ వ్యాఖ్యకు మూలము. కర్త్రి ఒక గృహిణి. కొడుకు ఉద్యోగము చేయు నగరమునకు రైలెక్కబోవుచు పొరుగింటి ఆమెకై దీనిని విడిచిపోయినది. కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన పెద్దలు, మల్లినాథసూరి మొదలు వేదము వేంకటరాయశాస్త్రులవారి దాక, మూలములో లేనిదానిని చెప్పుటకు జంకిరి. ఈ వ్యాఖ్యాతకు అట్టి జంకు లేదు. ఏలన చీటీ చిన్నది, అందులో లేనిది పెక్కు. మానవజాతి భవిష్యత్తును గూర్చి పండితులు సభలు చేసి ఉద్గ్రంథములు వ్రాయుచున్న ఈ దినములలో, ప్రయాణము, కర్తవ్యము, భోగము, భవిష్యత్తు అను నాలుగింటిని వాక్యమునకొక్కటి చొప్పున క్రమము తప్పక నిబంధించిన గ్రంథము మరియొకటి ఈ సందులో మాకు దొరకలేదు.

ప్రతిపదార్థము. అక్కా = తోడబుట్టనిదానవైనను తాళపుచెవి ఈయదగినదానా; మేం = ఇంటిల్లిపాదిమి; బెంగుళూరికి = కొడుకు కొలువున్న చోటికి; పోతాండాం = పోవుచున్నాము (ఎన్నడు వత్తుమో చెప్పజాలమని ధ్వని); మిద్దె మింద = ఇంటికప్పుపైన; పొద్దు మునిగినంక = సూర్యాస్తమయానంతరమున; రెండు చెంబులు = మూడు గాదు; పొయ్యి = పోయుము; కాసినవి = మేము లేనప్పుడు పండినవి యెల్ల; నువ్వే = నీవు మాత్రమే, మేడమీది అద్దెవారు గారు; ఇత్తనానికి = విత్తనము నిమిత్తమై; ఒగటి = ఒక్క పండును; ఇడ్సు = విడువుము.

‘పొయ్యి’ అనగా వంట చేయు పొయ్యి యని గ్రహించి, చెట్ల క్రింద నిప్పు పెట్టుమని అర్థము చెప్పు శ్లేషప్రియులు కొందరుందురు. వారిని వారి పొయ్యి కడనే విడుతము.

‘మిద్దె మింద’ అను పదద్వయమును మాత్రము చదువరులు తేలికగా దాటిపోరాదు. ఈ సీమలో నిన్నమొన్నటి వరకు మిద్దె యనగా దూలములపై పలకలు పరచి, దానిపై చౌడుమట్టి మెత్తిన కప్పు. చౌడు తడిసినప్పుడు దాని రేణువులు విడివడి సందులను పూడ్చుకొని నీటిని క్రిందికి దిగనీయవు. ఆ ఉప్పుమంటిలో గడ్డిపరక యైనను సులభముగా మొలవదు. ఒకవేళ మొలిచినచో ఇంటిపెద్ద గుండె ఝల్లుమనెడిది, ఏలన వేరు దిగిన చోటనే మిద్దె ఉరియును. కనుక వానలకు ముందు బండ్లతో చౌడు తోలించి, మొలకలు పెరికించి, కప్పును బోడిగా నుంచుటయే గృహస్థధర్మమై యుండెను. ఆ కప్పుపై ఎండుమిరపకాయలారినవి, చింతపండారినది, వేరుశనగకాయలారినవి. మొక్కకు మాత్రము చోటు లేదు. తాత మొక్క మొలవకుండ కాపాడిన చోటనే నేడు మనుమరాలు కాంక్రీటుపై సంచులు పేర్చి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపి, టమాటా నాటి, ఊతకఱ్ఱ పాతి, పాత చీర అంచుతో కట్టుచున్నది. దొడ్డిలో అద్దెగదులు లేచినందున పెరడు ఇంటి వెనుకనుండి ఇంటి నెత్తికెక్కినది. తెలంగాణమున కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు తమ ఇంటిపై ఇట్లు పెంచి చూపి, మిద్దెతోటపై పుస్తకమును వ్రాసిరి. మన చీటీకర్త్రి దానిని చదివినదనుటకు ఆధారము లేదు, చదువకున్నను ఆమె టమాటాకు లోటు లేదు.

‘పొద్దు మునిగినంక’. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు అనంతపురపు సీమలో, చైత్రవైశాఖములందు కాంక్రీటు మిద్దె మధ్యాహ్నము కాలు మోపనీయదు. అప్పుడు పోసిన నీటిలో కొంత వేరునకు చేరకమునుపే ఆవిరియైపోవును. ఎండ మితిమీరినచో టమాటా పూత నిలువక రాలును. చీటీకర్త్రి ఇంత శాస్త్రమును రెండు మాటలలో ఇమిడ్చినది.

‘రెండు చెంబులు’ అనుచోట పాఠభేదములు కలవు. ధర్మవరపు ప్రతిలో ‘ఒక చెంబు’ అనియు, తరువాత ‘రంగునీళ్ళు పొయ్యొద్దు’ అనియు అధికపాఠమున్నది. ఆ ఊరి స్థితి నెరిగినవారికి దీని సమంజసత తెలియును. నేతగాని ఇంటిలో నేలను గుంతమగ్గము ఆక్రమించును. గోడలను పట్టునూలు ఆక్రమించును. నూలునకు రంగు వేయు ఇండ్లలో అద్దకపు నీళ్ళు ఎఱ్ఱగా, పచ్చగా కాలువలోనికి పారుచుండును. ఏ మంచి మనసుగల పొరుగామెయో, ఊరక పోవు నీరే కదా యని, ఆ చీరల వన్నెను చెట్టునకు పట్టించునేమోయని కర్త్రి భయము. చిత్రావతి నీటితో నిండవలసిన పెద్ద చెరువు ఊరి ప్రక్కనే యున్నను చెంబు ఒక్కటి యగుట ఆ పాఠములోని కరుణరసము.

పెనుకొండ ప్రతిలో చెంబుల ప్రసక్తియే లేదు. ‘కొళాయి వస్తే’ అని మాత్రమున్నది. ఈ ‘వస్తే’ కడ వ్యాఖ్యాత కొంత నిలువవలసియున్నది. 1388లో పెనుకొండను ఏలుచుండిన ప్రతాపబుక్కరాయలు జలసూత్రమెరిగిన సింగాయభట్టును పిలిపించి, పెన్న నీటిని పెనుకొండకు తెమ్మని ఆజ్ఞాపింపగా, ఆయన సిరువెర చెరువు దాక కాలువ త్రవ్వించి, దానికి రాజు పేరే పెట్టెనని శాసనము చెప్పుచున్నది. అటుపై 1565 నాటి యుద్ధానంతరము విజయనగరపు రాజధాని ఈ కొండ క్రిందికి తరలివచ్చినది. నీరు లేని చోటికి రాజధాని తరలునా? నేడు శ్రీశైలము వెనుక నిలిచిన కృష్ణ నీరు హంద్రీ-నీవా కాలువ వెంట ఎత్తిపోతలమీద ఎక్కి గొల్లపల్లి జలాశయమునకు చేరుచున్నది. పెన్న వచ్చిన దారిలో కాకున్నను కృష్ణయే వచ్చినది. అయినను గృహిణి వాక్యములో ‘వస్తే’ అను చేదర్థకము చెక్కుచెదరలేదు. ఆరువందల ఏండ్ల జలసూత్రమునకు ఇంతకంటె క్లుప్తమగు విమర్శ లేదు.

హిందూపురపు మూలపాఠమందలి ‘రెండు’ కొలిచి చెప్పిన మాట. పూర్వము దొడ్డియున్న కాలమున చెట్టునకు నీళ్ళు పోయుమని ఎవరును ఎవరికిని చీటీ వ్రాయలేదు. స్నానపు నీళ్ళు అరటిపాదునకును, బియ్యము కడిగిన కడుగు కరివేపచెట్టునకును, బూడిదతో అంట్లు తోమిన నీళ్ళు గోంగూర మడికిని తమంతట దారి చేసుకొని పోయెడివి. చెట్టు ఇంటివారి మురికిని త్రాగి ఇంటివారికి కూర పెట్టెడిది. సింకు వచ్చినది, దానికి గొట్టము వచ్చినది, గొట్టము ఇల్లు దాటి వీధి కాలువలో దిగినది. ఈనాడు అంట్లు తోముటకు ఒక ట్యాంకరు నీళ్ళు, చెట్టునకు రెండు చెంబులు లెక్కపెట్టి పోయుచున్నాము. కడుగునీళ్ళనైనను గిన్నెలో పట్టి మిద్దె ఎక్కించినచో రెండు చెంబులు నాలుగగునని ఈ వ్యాఖ్యాత అభిప్రాయము, మూలములో లేదు.

ఇచట పూర్వపక్షి యిట్లాక్షేపించును: “పెనుకొండ చెంత ఎర్రమంచిలో, 2019 నుండి కార్లు చేయుచు, ఏడాదికి మూడు లక్షలు చేయగల కియా కర్మాగారమునందు ఉక్కుచేతులు తమంతట అతుకులు వేయుచున్నవి. మనుష్యులు అంగారకునిపై కాపురమునకు ముహూర్తము చూచుచున్నారు. అట్టి కాలమున చెట్టునకు నీళ్ళు పోయుటకు పొరుగింటి అక్కయేల? గడియారము బిగించిన బొట్టునీటి గొట్టము చాలదా?” చాలును, రెండవ వాక్యమునకు. మూడవదానికి చాలదు. గొట్టమునకు పండు తినవలెనను ఆశ లేదు. ఆశ లేనిచోట ఆకు త్రిప్పి చూడవలెనను బుద్ధి పుట్టదు. టమాటాకు తెల్లదోమ ఆకు అడుగున చేరి, ముడత తెగులు నంటించును. పైనుండి చూచువారికి చెట్టు పచ్చగానే కనబడును. రేపు కోసుకొని పులుసు పెట్టుకొందమను అక్క మాత్రమే కొంగు నడుమున దోపి, వంగి, ఆకు త్రిప్పి, “అయ్యో, దోమ పడిందే!” యని వేపనూనె చల్లును. కర్త్రి ఈ సంగతి తెలిసియే కూలి మాట యెత్తక పంట మాట యెత్తినది.

‘కాసినవి నువ్వే కోసుకో’. ఈ వాక్యము కాలనిర్ణయమునకు పనికివచ్చును. చీటీపై తేదీ లేదు. అయినను ఇది 2023 జూలైలో వ్రాయబడినది కాదని నిశ్చయింపవచ్చును; ఆ నెలలో మదనపల్లె మార్కెట్టున టమాటా కిలో నూరు రూపాయలు దాటియుండగా, అంతటి దాతృత్వము కర్ణునికే చెల్లును. అట్లని ధర కూలి రైతు పండ్లను బాట ప్రక్కన పారబోయు నెలలలోనిది యనుటయు కుదరదు. అప్పుడు ‘కోసుకో’ యని వేరుగా చెప్పనక్కరలేదు. నడిమి కాలమున వ్రాయబడినదని పండితులు గ్రహింతురు గాక.

ఇక నాలుగవ వాక్యము. చీటీ బరువంతయు దీనిపైననే యున్నది.

నార్వే దేశమునకు చెందిన స్వాల్బార్డ్ ద్వీపములలో, మంచుకొండ గర్భమున, 2008లో ఒక విత్తనకోశము తెరువబడినది. లోకమందలి పంటల విత్తులను గడ్డకట్టు చలిలో దాచి, ఏదేని ఉపద్రవము వచ్చినచో తిరిగి ఇచ్చుట దాని పని. యుద్ధము వలన సిరియా దేశపు అలెప్పోలోని విత్తనశాల పని సాగనందున, 2015లో అందుండి మొదటిసారిగా విత్తులు వెనుకకు తీసికొనబడినవి. మానవజాతి అంత ఖర్చుతో, అంత చలిలో వ్రాసిన చీటీయందును ‘ఇత్తనానికి ఒగటి ఇడ్సు’ అనుటకు మించి ఏమియు లేదు.

అయితే ఏ టమాటా? ఆక్షేపము బలమైనదే. టమాటా మన దేశపుది గాదు. అమెరికా ఖండములనుండి ఓడలెక్కి వచ్చినది. శ్రీకృష్ణదేవరాయలు టమాటాచారు ఎరుగడు. హిందూపురపు మార్కెట్టునకు పేరు తెచ్చిన మిరపకాయయు అట్లు వచ్చినదే. అయినను తరతరములుగా విత్తు పట్టి వేసికొన్నదానిని నాటుటమాటా యనుచున్నాము. విడిచిన విత్తే దానికి పౌరసత్వపత్రము. టమాటా పువ్వు చాలవరకు తన పుప్పొడినే తాను గ్రహించును గనుక, నాటుపండునుండి తీసిన గింజ తల్లివంటి బిడ్డనే కనును. సంకరవిత్తుల పొట్లము సంగతి వేరు: మొదటి ఏడు గుత్తులు గుత్తులుగా కాయును; ఆ పండు గింజ నాటినచో ఒక చెట్టు తాతను, ఒక చెట్టు ముత్తవ్వను పోలి, కాపు చెదరిపోవును. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనసంస్థ ఒక్కటే అర్క వికాస్ అను నిలుకడ రకమును, అర్క రక్షక్ అను సంకరమును వెలువరించినది. మొదటిదానికి ఈ చీటీ చెల్లును. రెండవదానికి నాలుగవ వాక్యమును కొట్టివేసి, ‘మరల పొట్లము కొను’ అని వ్రాసికొనవలెను. సంకరము చెడ్డదని మేమనము. తెగుళ్ళకోర్చును, రైతు నాదుకొనును. మిద్దెపై నాలుగు సంచులు పెట్టుకొన్నవారికి మాత్రము ఆ అక్కర కనబడదు.

తాత్పర్యము. ఓ పొరుగింటి అక్కా! మేము లేనిదినములలో చల్లనివేళ మా చెట్టునకు కొలతగా నీళ్ళు పోసి, ఫలము నీవనుభవించి, వచ్చు కారునకు విత్తు మిగిల్పుము అని భావము.

విశేషము. విడిచిన పండును చేసెడి విధము మూలములో లేదు గాన వ్రాయుచున్నాము. చెట్టుననే మెత్తబడి మాగినదానిని కోసి, గుజ్జును గిన్నెలో పిండి, రెండు మూడు దినములు పులియనిచ్చినచో గింజను చుట్టిన జిగురు విడిపోవును. నీళ్ళు పోసి కలుపగా తేలినవానిని పారబోసి, మునిగినవానిని కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, సీసాలో మూత బిగించి యుంచవలెను. నాలుగేండ్లు మొలచును. ఒక్క పండులో నూరుకు అటునిటుగా గింజలుండును గనుక ‘ఒగటి’ అనుట సరిపోవును. కాని ఏ ఒక్కటి? లోకములో అక్కలందరు మేలైనవి వండుకొని, పుచ్చినదానినో, తొడిమ కడ పగిలినదానినో విత్తునకు విడుతురు. అట్టి పండు గింజతో ఆ చెట్టు దోషమును రావచ్చును. ఇందు తప్పు అక్కది గాదు, ఏది విడువవలెనో వ్రాయని మూలకర్త్రిది. కావున ఇకముందు ఊరికి పోవుచు చీటీ వ్రాయువారందరు ‘ఒగటి’ అనుటకు ముందు ‘మంచిది’ అను మాటను తప్పక చేర్చి వ్రాయవలెనని మనవి.